పండుకునే ముందు ఎవరిని యాది చేసుకోవాలి

(కేతేపల్లిలో సారు సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాసం)

ఈ ఊళ్ళో అక్షరం నేర్పిన సారు పేరు నేను ఎత్తను. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకే సారు గురించి మాట్లాడినా ఏ సారో చెప్పుకోవాలి. ఈయన గురించైతే 'సారు' అంటే చాలు, అందరికీ తెలుస్తుంది.

ఇలాంటి సభలో నిద్ర గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. నేనే పట్టుబట్టాను. నకిరేకల్, సూర్యాపేట వైపు డాక్టరుగా పనిచేసినన్నాళ్ళూ ఒక మాట వింటూనే వచ్చాను. జ్వరానికో మోకాళ్ళ నొప్పులకో వచ్చినవాళ్ళు మందుల చీటీ తీసుకుని లేచి, తలుపు దాకా పోయి, మళ్ళీ వెనక్కి తిరిగి అంటారు: "సారూ, రాత్రిళ్ళు నిద్ర పడ్తలేదు. ఏదన్న గోలి రాసియ్యుండ్రి." చిన్న సంగతన్నట్టు ఆఖర్న అంటారు. వాళ్ళలో చాలామందికి అసలు బాధ అదే.

ఆ బాధకు సారుకు ఒక ఉపాయం తెలుసు. అది ఆయన వైద్యం చదివి తెలుసుకున్నది కాదు, పిల్లల మధ్య ఉండి కనిపెట్టింది. ఆ తర్వాత చాలా ఏండ్లకు పరిశోధకులు రాసిన కాగితాల్లో నాకు అదే కనిపించింది. పడుకునే ముందు ఆ రోజు మనకు ఎవరు ఏం చేశారో మనిషి పేరుతో, చేసిన పనితో సహా తలుచుకుంటే నిద్ర నెమ్మదిగా వస్తుంది. ఈ మాట మన నల్లగొండ నేల మీద చెప్పడానికి కొంత జాగ్రత్త కావాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

నిద్ర పట్టని రాత్రుల్లో మన సాహిత్యంలో అన్నిటికన్నా పొడుగైన రాత్రి ధృతరాష్ట్రుడిది. ఉద్యోగపర్వంలో ఆ ఘట్టానికి ప్రజాగరమని పేరు. ఉద్యోగపర్వం మనకు తెలుగులో అందించింది 13వ శతాబ్దపు తిక్కన. పాండవుల దగ్గరికి రాయబారం పోయిన సంజయుడు తిరిగి వస్తాడు. రాజును నాలుగు మాటలు గట్టిగానే అంటాడు. ప్రయాణం చేసి అలిసిపోయాను, ధర్మరాజు ఏమన్నాడో రేపు సభలో చెప్తానని ఇంటికి పోయి పడుకుంటాడు. ఇక ముసలి రాజుకు కన్ను మూతపడదు. విదురుణ్ని పిలిపించి, ఒళ్ళు కాగిపోతున్నది, నిద్ర లేదు, నాకు మేలైన మాట ఏదైనా చెప్పమంటాడు. విదురుడు ముందు కారణం అడుగుతాడు. బలవంతుడు మీదికి వచ్చినప్పుడు దిక్కులేని బలహీనుడికి, ఉన్నది పోగొట్టుకున్నవాడికి, కామంతో వేగేవాడికి, దొంగకు నిద్ర ఉండదంటారు. వీటిలో నిన్ను పట్టింది ఏది, పరుల సొమ్ము మీద ఆశ గానీ పుట్టలేదు కదా అంటాడు.

రోగిని అడగాల్సిన ప్రశ్న అది. ఆ రాజు చేతిలో తమ్ముడి కొడుకుల రాజ్యం ఉంది. ఇవ్వాల్సింది ఇవ్వకుండా పక్క ఎక్కినవాడికి మెలకువే గతి. విదురుడు చాలాసేపు నీతి చెప్పాడు. ఆ తర్వాత సనత్సుజాతుడు వచ్చి వేదాంతం చెప్పాడు. అన్నీ విన్నాడు, తెల్లారిపోయింది. ఆ ఘట్టం చదివినప్పుడల్లా నా చూపు ఇంకో చోట ఆగుతుంది. రాత్రి పూట కబురు పెడితే లేచి వచ్చి ఎదురుగా కూర్చున్న తమ్ముడు విదురుడు ఉన్నాడు. బతుకంతా కనిపెట్టుకుని ఉన్నవాడు, ముఖం మీద నిజం చెప్పేవాడు. రాజు అతని తెలివిని మెచ్చుకున్నాడు గానీ మనసు మాత్రం కొడుకును, రేపటి సభను విడవలేదు. రాజు మనసు ఒక్క గడియైనా ఆ తమ్ముడి మీద నిలిచి ఉంటే నిద్ర పట్టేదేమో అని అనుకుంటాను.

ఇప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తాను. పొద్దున లేచింది మొదలు మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ వస్తుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. టీలో, కాఫీలో ఉండే కెఫీన్ దాన్ని పనిచేయనివ్వదు. సాయంత్రం తాగిన టీ ప్రభావం అర్ధరాత్రి దాకా కొంత మిగిలే ఉంటుంది. దీనికి తోడు ఒంట్లో ఒక గడియారం ఉంది, చీకటి పడగానే అది మెలటోనిన్‌ను వదిలిపెడుతుంది. ఈ రెండూ కలిసి నిద్రను నడిపిస్తాయని 1982లో జ్యూరిక్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ లెక్క కట్టి చూపించాడు. మరి పొద్దంతా వంగి నాటేసిన మనిషికి అలసట నిండా ఉంది, చుట్టూ చీకటీ ఉంది. అయినా పదకొండింటికి కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఎందుకు పడుకుంటుంది? ఒళ్ళు ఒరిగినా మెదడు కాపలా దిగకపోవడం వల్ల. అప్పు, పిల్ల పెండ్లి, పక్క పొలం వాడు అన్న మాట, రేపు దొరకాల్సిన యూరియా, ఇవన్నీ పగలు పనిలో పడి వెనక్కి పోతాయి. దీపం ఆర్పగానే ముందుకొస్తాయి. కాసేపటికి "ఇంకా నిద్ర వస్తలేదే" అన్న భయం కూడా వాటితో కలుస్తుంది. ఈ భయమే నిద్రలేమిని పెంచి పోషిస్తుందని 2002లో ఆలిసన్ హార్వే అనే మనస్తత్వ శాస్త్రవేత్త వివరంగా రాసింది.

ఆలోచించకు, కళ్ళు మూసుకో అని ఇంట్లోవాళ్ళు అంటారు. అది ఎవరి తరమూ కాదు. మూసీ కాలువ కింద సాగు చేసేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, వచ్చే నీళ్ళను చేత్తో ఆపలేం, మడవ తిప్పి ఇంకో మడికి పారించగలం. ఆలోచన కూడా అంతే.

2009లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ వుడ్, ఆయన తోటివాళ్ళు 401 మందిని పరిశీలించారు. వాళ్ళలో నూటికి నలభై మందికి నిద్ర సరిగా లేదు. కృతజ్ఞత ఎక్కువగా ఉన్నవాళ్ళు త్వరగా నిద్రపోతున్నారు, ఎక్కువసేపు పోతున్నారు, పగలు చురుగ్గా ఉంటున్నారు. ఎందువల్ల అని చూస్తే, పక్క మీద ఒరిగాక వాళ్ళకు వచ్చే ఆలోచనలే వేరు. మంచివి ఎక్కువ, చెడ్డవి తక్కువ. అంతకుముందు 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో నరాల, కండరాల జబ్బులున్న కొందరి చేత 21 రోజులు, రోజూ, తాము దేనికి కృతజ్ఞులమో రాయించారు. రాయనివాళ్ళతో పోలిస్తే వాళ్ళు ఎక్కువ గంటలు నిద్రపోయామని, లేచినప్పుడు తేలిగ్గా ఉందని చెప్పారు. లండన్‌లో 119 మంది యువతులతో రెండు వారాలు చేసిన ఇంకో అధ్యయనం 2016లో అచ్చయింది. అందులోనూ నిద్ర కొంత బాగుపడింది, రక్తపోటులో కింది అంకె కొంత తగ్గింది. ఇవి చాలావరకు మనుషులు తమ నిద్ర గురించి తాము చెప్పిన మాటలు. లాభం కూడా కొండంత కాదు, కొంత. కానీ ఖర్చు లేనిది, హాని లేనిది, ఎవరికి వారు చేసుకోగలిగింది వైద్యంలో మాకు చాలా అరుదుగా దొరుకుతుంది.

సారు సంగతికి వస్తాను. బడి పిల్లల ఆరోగ్య పరీక్షలకు వచ్చిన ఒక రోజు నా పని ముగిసేసరికి ఆఖరి పీరియడు నడుస్తున్నది. వరండాలో కూర్చుని టీ తాగుతున్నాను. లోపల సారు పుస్తకం మూసేసి అడుగుతున్నాడు: "ఇయ్యాల నీకెవరు ఏం చేసిండ్రు?" ఆ ప్రశ్నకు ఆయన పెట్టుకున్న కట్టుబాట్లు కొన్ని ఉండేవి. దేవుడు అనకూడదు. సారు అనకూడదు. 'మా అమ్మ' అని ఊరికే అనకూడదు, ఏం చేసిందో చెప్పాలి.

ఒక పిల్ల లేచి, "మా అమ్మ అన్నం పెట్టింది" అన్నది.

"ఏం కూర?"

"పుంటికూర."

"పుంటికూర ఎవరు తెంపుకొచ్చిండ్రు?"

ఆ పిల్ల కొంచెం ఆగింది. "మా నాయినమ్మ. పొద్దుగాల్నే చెల్కల కెళ్ళి."

"నాయినమ్మకు మోకాళ్ళు నొస్తయన్నవ్ గదా మొన్న?"

"నొస్తయి సారూ. అయినా పోయింది."

"కూసో" అన్నాడు సారు. ఇంకేమీ చెప్పలేదు.

వెనక బెంచీలో ఒక పిల్లవాడు, "నాకెవ్వలేం చెయ్యలే" అన్నాడు. కొంత కోపంగానే అన్నాడు. సారు వాడి దగ్గరికి పోయి చొక్కా చూశాడు. తెల్ల చొక్కాకు రెండో గుండీ నల్ల దారంతో కుట్టి ఉంది. "ఇదెవరు కుట్టిండ్రు?" వాడు తల వంచి చూసుకున్నాడు. "మా అక్క." "ఎప్పుడు?" "రాత్రి. కరెంటు లేకుంటే ఫోన్ లైటు పెట్టుకొని." తెల్ల దారం దొరకలేదేమో, లేకపోతే ఆ వెలుతురులో రంగు తెలియలేదేమో. ఆ నల్ల దారం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

తర్వాత సారును అడిగాను, ఇది నీతి పాఠమా అని. "కాదు డాక్టర్ సాబ్, ఇది రాత్రికి పనికొస్తది" అన్నాడు. కొన్నాళ్ళు ఆయన హాస్టల్ బాధ్యత కూడా చూశాడు. బడులు తెరిచాక కొత్తగా చేరిన చిన్న పిల్లలు ఇల్లు గుర్తొచ్చి రాత్రిళ్ళు ఏడ్చేవాళ్ళు, ఒకరి ఏడుపు విని ఇంకొకరు. బెదిరిస్తే దుప్పటి లోపల ఏడుస్తారు, బుజ్జగిస్తే ఇంకా పెరుగుతుంది. ఆయన దీపాలార్పించి గుమ్మంలో కుర్చీ వేసుకుని ఈ ప్రశ్నే అడిగేవాడు. చీకట్లోంచి ఒక్కొక్క గొంతు వచ్చేది. ఫలానావాడు నాకు బకెట్ ఇచ్చిండు, వంటామె ఇంకొంచెం పప్పు పోసింది, ఫలానా అన్న నా పెట్టెకు తాళం వేసి చెవి దారంతో మెళ్ళో కట్టిండు. జవాబులు చెప్తూ చెప్తూ నిద్రపోయేవాళ్ళట. ఇల్లు ఇక్కడ లేదన్న దిగులు అట్లాగే ఉంటుంది. కానీ ఇక్కడ కూడా తన గురించి ఎవరో ఒకరు పట్టించుకున్నారన్న సంగతి చేతికి అందుతుంది. పిల్లవాడికి కాపలా దిగడానికి అది చాలు. ఇందులో కిటుకు అంతా ఆ ప్రశ్న సూటిగా ఉండటంలో ఉంది. 'అంతా దేవుడి దయ' అనుకుని పడుకుంటే మనసు దాన్ని ఒక్క గుటకలో మింగేసి మళ్ళీ అప్పు దగ్గరికి పోతుంది. నాయినమ్మ, మోకాళ్ళు, చెలక, పుంటికూర అనుకుంటే అక్కడ కాసేపు ఉండాల్సిందే.

నిద్రకూ మంచి తలపుకూ ఉన్న ఈ ముడి మన నేలకు కొత్తది కాదు. మనకు దగ్గర్లోనే ఫణిగిరి గుట్ట ఉంది. రెండు వేల ఏండ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవాళ్ళు. వాళ్ళు చెక్కించిన తోరణపు రాళ్ళు 2023లో న్యూయార్క్ మ్యూజియం దాకా పోయి వచ్చాయి. బౌద్ధుల అంగుత్తర నికాయంలో మైత్రి భావన వల్ల కలిగే పదకొండు లాభాలు చెప్తారు. వాటిలో మొట్టమొదటివి మూడు: సుఖంగా నిద్రపోతాడు, సుఖంగా లేస్తాడు, చెడ్డ కలలు కనడు. బ్రహ్మలోకం మాట తర్వాత వస్తుంది, ముందు నిద్ర. అదే గ్రంథంలో లోకంలో అరుదైన మనుషులు ఇద్దరని ఉంది. అడగకుండా ముందుగా మేలు చేసేవాడు ఒకడు, చేసిన మేలు తెలిసినవాడు ఇంకొకడు.

ఇక మొదట్లో అన్న జాగ్రత్త మాట. ఇది ఎంతసేపు చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది.

ఇదే నల్లగొండ జిల్లాలో మన తాతలు, ముత్తాతలు రోజూ కృతజ్ఞత చెప్పుకుంటూ బతికారు. 'నీ కాల్మొక్త బాంచన్' అని. చేసిన వెట్టికి కూలి లేదు, పండించిన గింజ మీద హక్కు లేదు. దొర ఓ పూట ఇంత గటక పోస్తే దానికి కాళ్ళు మొక్కాలి. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య ప్రాణం పోయింది. అప్పుడు కడవెండి మన జిల్లాలోదే. ఆ తర్వాత ఐదేండ్లు ఈ పల్లెలు పోరాడింది భూమి కోసం, దాంతోపాటు ఆ మొక్కుడు ఆగిపోవాలని కూడా. అందుకే ఈ ఊళ్ళలో ఎవరైనా వచ్చి, ఉన్నదానికి సంతోషించండి, కృతజ్ఞతతో ఉండండి అంటే పెద్దవాళ్ళ ముఖాలు బిగుసుకుంటాయి. బిగుసుకోవాలి కూడా. బీదవాడికి కృతజ్ఞత పాఠం చెప్పడం కలిగినవాడికి ఎప్పుడూ తేలికే.

నేను చెప్తున్నది దానికి పూర్తిగా ఎదురు చివర ఉన్న సంగతి. అమెరికాలో ఫిలిప్ వాట్కిన్స్ అనే ఆయన 2006లో ఒక చిన్న పరిశీలన చేశాడు. ఒక మనిషి మీకు సాయం చేశాడనుకోండి, తిరిగి మీ నుంచి ఏదో ఆశిస్తున్నాడని తెలిస్తే మీకేమనిపిస్తుంది అని అడిగాడు. ఆ ఆశ ఎంత పెద్దదైతే జనంలో అప్పుపడ్డ భావం అంత పెరిగింది, కృతజ్ఞత అంత తగ్గింది. రెండూ ఒకటి కావు. ఒకటి పెరిగితే ఇంకొకటి తరుగుతుంది. కాళ్ళు మొక్కించుకున్నవాడు పుట్టించింది మొదటిదాన్ని. అది మనిషిని పడుకోనివ్వదు. పక్కింటాయన వాన పడుతుంటే మన వడ్ల కుప్ప మీద కూడా పరదా కప్పి పోయాడే, అది పుట్టించేది రెండోదాన్ని.

ఉదాహరణ మన బాయికాడనే ఉంది. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు వంతులు. రాత్రి వంతు వచ్చినప్పుడు టార్చిలైటు పట్టుకుని, పాములు తిరిగే గట్టు మీద పోయి స్టార్టరు వేసి, మోటరు పక్కనే గోనె పట్టా మీద ఒరిగిన మగవాళ్ళు ఈ సభలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఎంతమంది ఆ చీకట్లో షాకు కొట్టి, పాము కరిచి పోయారో కూడా మీకు తెలుసు. ఆ తర్వాత మంచంలో పడుకునే వీలున్నా రెండింటికి టంచనుగా మెలకువ వచ్చే రైతులు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఏండ్ల తరబడి లేపిన ఒళ్ళు అది, ఒక్కసారిగా మరిచిపోదు. కరెంటు ఇచ్చినందుకు ఏ సర్కారుకూ రాత్రి పూట దండం పెట్టుకోవాల్సిన పని లేదు. అది మన హక్కు, ఆలస్యంగా దక్కిన హక్కు. కానీ గాలివానలో ఫ్యూజు కొట్టేస్తే, ఫోన్ చేసిన గంటలో తడుచుకుంటూ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కిన హెల్పరు ఒకడున్నాడు. అతనికి జీతం వస్తుంది, నిజమే. ఆ వానలో ఆ గంటలో రావడం జీతంలో లేదు. రాత్రి యాది చేసుకోవాల్సింది అతన్ని. కాలువ చివరి మడికి నీళ్ళు అందేలా తూము దగ్గర నిలబడి తగువు తీర్చిన లష్కర్‌ను. మన పశువు తోటలో పడితే బందెలదొడ్డికి తోలకుండా ఇంటికి తోలుకొచ్చిన మనిషిని. వీళ్ళెవరూ మనకన్నా పైవాళ్ళు కారు. మనతో సమానమైనవాళ్ళు, రేపు మన సాయం అవసరమయ్యేవాళ్ళు. వాళ్ళను తలుచుకుంటే మన నడుము వంగదు.

హక్కు అడగడానికీ దీనికీ పోటీ లేదు. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ శాతం 17 దాటిందని కాంటా పెట్టకుండా వారం రోజులు తిప్పితే పొద్దున గట్టిగానే నిలదీయాలి. అదే రాత్రి, అదే కుప్ప మీద పడుకున్నప్పుడు, అన్నం డబ్బా తెచ్చిచ్చిన బిడ్డను తలుచుకోవాలి. నిలదీయడానికి కూడా నిద్రపోయి లేచిన మనిషి కావాలి.

ఇంట్లో ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. నా దగ్గరికి నిద్ర లేదని వచ్చినవాళ్ళలో వాళ్ళే ఎక్కువ. అందరూ తిన్నాక తిని, గిన్నెలు తోమి, పొద్దుటికి నీళ్ళు పట్టి, ఆఖర్న పక్క మీదికి వస్తారు. ఇస్లాంలో ఒక ఉదంతం ఉంది, వాళ్ళకు అది చెప్పేవాణ్ని. ప్రవక్త బిడ్డ ఫాతిమాకు తిరగలి తిప్పీ తిప్పీ చేతులు పొక్కిపోయాయి. ఇంటి పనికి ఒక మనిషిని ఇప్పించమని తండ్రిని అడగడానికి పోయింది. ఆ రాత్రి ఆయన వాళ్ళింటికి వచ్చి, కూతురు అల్లుడు పక్క మీద ఉండగానే దగ్గర కూర్చుని, అంతకన్నా మేలైనది చెప్తానన్నాడు. పడుకునే ముందు 33 సార్లు సుబహానల్లా, 33 సార్లు అల్‌హందులిల్లా, 34 సార్లు అల్లాహు అక్బర్ అనుకోండి అన్నాడు. ఇప్పటికీ మన ముస్లిం ఇండ్లలో వేళ్ళ కణుపుల మీద ఆ లెక్క నడుస్తూనే ఉంటుంది. నడిమి 33 పూర్తిగా కృతజ్ఞతే. ఆ కథలో నన్ను ఎక్కువగా తాకేది ఆ తండ్రి రాత్రి పూట లేచి రావడం. బిడ్డ చేతులు పొక్కిన సంగతి ఆయన మనసులో ఉంది. మన ఇండ్లలో చాలామంది ఆడవాళ్ళను రాత్రి పూట ఎవరూ యాది చేసుకోరు. కాబట్టి మగవాళ్ళకు నా విన్నపం ఒకటి. మీరు తలుచుకున్న మనిషి పక్కనే ఉంటే మనసులో అనుకుని ఊరుకోకండి, పైకి అనండి. "ఇయ్యాల నువ్వు బాయికాడికి సద్ది తెచ్చినప్పుడు ఎండ మస్తు కొట్టింది" అంటే చాలు. అట్లా విన్న మనిషికి కూడా నిద్ర వస్తుంది.

ఒక చిక్కు ఉంది. అది చెప్పకపోతే సగం చెప్పినట్టే. అయిపోయిన దాన్ని తలుచుకోవడం ఒక్కటే సరిపోదు. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కల్లిన్ 57 మంది యువతీ యువకులను నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టాడు. పడుకునే ముందు ఐదు నిమిషాలు సగం మంది చేత గడిచిన కొద్ది రోజుల్లో తాము పూర్తి చేసిన పనులు రాయించాడు, సగం మంది చేత రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాయించాడు. తలకు తీగలు పెట్టి చూస్తే, చేయాల్సినవి రాసినవాళ్ళు సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పోయారు. నేను ఇది చదివినప్పుడు సారు ఉపాయానికి ఎదురుదెబ్బ అనుకున్నాను. నిదానంగా ఆలోచిస్తే కాదని తెలిసింది. 'నేను ఇది చేశాను, అది చేశాను' అని రాసుకోవడం మన గొప్ప మనం లెక్కపెట్టుకోవడం. అక్కడ మనం ఒంటరిగానే ఉంటాం, మిగిలిన పనులు మళ్ళీ గుర్తొస్తాయి. రేపటి పనిని కాగితం మీద పెడితే దాన్ని పట్టుకుని ఉండాల్సిన బరువు మెదడుకు తగ్గుతుంది. అందుకని ముందు రేపటిది దించెయ్యండి, తర్వాత ఇవాళ్టి మనుషులను పిలవండి. కాగితం లేకపోతే ఇంట్లో ఎవరికైనా చెప్పండి: పొద్దున సొసైటీకి పోవాలి, ఆధార్ జిరాక్స్ తీసుకోవాలి, బ్యాంకు సారును గడువు అడగాలి. 'అప్పు' అని అనుకుంటే కొండ. 'బుధవారం పది గంటలకు బ్యాంకు' అనుకుంటే ఒక పని. ఈ రెండూ పడుకోవడానికి కాసేపు ముందు, మంచం మీద కాకుండా అరుగు మీదో కుర్చీలోనో చేస్తే ఇంకా మంచిది. మంచం నిద్రకే మిగలాలి. ఫోను అప్పటికే దూరంగా పెట్టేసి ఉండాలి.

ఎవరూ ఏమీ చేయలేదనిపించే రోజులు ఉంటాయి. ఇంట్లో చావు జరిగిన రోజులు ఉంటాయి. అప్పుడు బలవంతాన మంచి వెతకొద్దు. దుఃఖం వచ్చినప్పుడు ఏడవడమే సరైన పని. కొన్నాళ్ళకు పోయిన మనిషే తలుచుకోవాల్సిన మనిషి అవుతాడు. అదీ మళ్ళీ ఒక్క పని, ఒక్క సంగతి చొప్పున.

ఇప్పుడు డాక్టరుగా నా ఆఖరి బాధ్యత. నేను చెప్పిన దానితో తీరని నిద్రలేములు ఉన్నాయి. గురక గట్టిగా పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే, పగలు కూర్చున్న చోటే కునుకు వస్తుంటే అది పరీక్ష చేయించుకోవాల్సిన జబ్బు. మన హైవే మీద బండి నడిపేవాళ్ళు దీన్ని అసలు నిర్లక్ష్యం చేయకూడదు. కొర్లపహాడ్ టోల్‌గేటు దాటాక తెల్లవారుజామున రెప్ప పడితే ఏమవుతుందో ఈ రోడ్డు పక్క ఊళ్ళకు తెలుసు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర సరిగా లేకపోతే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దానికి మాత్రలకన్నా ముందు ఇవ్వాల్సింది మాటలతో, అలవాట్ల మార్పుతో చేసే చికిత్స అని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం కూడా చెప్పింది. నిద్ర కోసం కల్లు దుకాణం పట్టవద్దు. చెట్టు కల్లు సంగతి వేరు. అల్ప్రాజోలం, డయాజెపాం కలిపిన కల్తీ కల్లు మన రాష్ట్రంలో ఎన్ని ఇండ్లను పట్టుకుందో చెప్పలేను. 2015లో దాని మీద దాడులు జరిగి దొరక్కుండా పోయేసరికి అలవాటుపడ్డవాళ్ళు వణుకుతో, పిచ్చి చూపులతో, ఫిట్స్‌తో ఆస్పత్రులకు వచ్చారు. అది నిద్ర కాదు, మత్తు. అలవాటైనవాళ్ళు ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు దగ్గరికి వచ్చి మెల్లగా తగ్గించుకోవాలి.

తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, ఇంక బతికి ఏం లాభం అనే ఆలోచన వస్తుంటే, అది రోజుల తరబడి ఉంటే, తలుచుకోవడాలు, రాసుకోవడాలు తర్వాత. అప్పు వల్ల వచ్చినా, పంట పోయి వచ్చినా, అది వైద్యం ఉన్న జబ్బే. పక్కవాళ్ళకు ఆ లక్షణాలు కనిపిస్తే ఒంటరిగా వదలకండి, దగ్గరి సర్కారు దవాఖానకు తీసుకురండి. నడిరాత్రి మాట్లాడేందుకు ఒక మనిషి కావాలంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును బడి గోడ మీద, కొనుగోలు కేంద్రంలో, ఎరువుల దుకాణం దగ్గర పెద్ద అక్షరాలతో రాయించమని సారు శిష్యులను అడుగుతున్నాను. రంగు ఖర్చు నేను పెట్టుకుంటాను.